సంభూయ సముత్థానము: ఆవము నేర్పిన పాఠము

ముసునూరు అను పేరు విన్నంతనే ఆంధ్రదేశ చరిత్రము నెఱిగినవారి మనస్సున నొక యైకమత్య గాథ మెదలును. 1323వ సంవత్సరమున ఓరుగల్లు ఢిల్లీ సేనలకు లోబడిన పిదప, చెదరిన నాయకులను మరల నొక్కచోట జేర్చినవారు ముసునూరి ప్రోలయ నాయకుడును, ఆయన వెనుక కాపయ నాయకుడును. కాపయ వెంట డెబ్బదియైదుగురు నాయకులుండిరని 1423వ సంవత్సరపు కలువచేరు శాసనమున అనితల్లి వ్రాయించినది. ఆ వంశమునకు ఇంటిపేరిచ్చినది మన ముసునూరే యని ఈ ప్రాంతమున ప్రతీతి. ఆ గాథను మన పెద్దలు తఱచుగా చెప్పుకొందురు. అది రాజుల ఐకమత్యము. మేమిప్పుడు చెప్పబూనినది రాజుల కథ కాదు. మట్టిని నమ్ముకొన్న మన తాతముత్తాతల ఐకమత్యమును గూర్చిన కథ. దానికి శాసనములు తక్కువ. కాని దాని వలన నేడు మన బిడ్డల బ్రదుకునకు కలుగబోవు లాభము ఎక్కువ.

మా బాల్యమున మా తాతగారి యింటి వెనుక ఒక ఆవముండెను. అది ఒక్క మా తాతగారిదే కాదు, నాలుగు కుటుంబములది. బలివే రామలింగేశ్వరుని శివరాత్రి తిరునాళ్లకు నెల దినములు ముందుగా నలుగురును ఎవరి సారె మీద వారు కుండలు చేసెడివారు. ఎండిన పిదప అన్నిటిని ఒక్క ఆవమున పేర్చెడివారు. ఎవరి కుండలు వారు గుర్తింప మెడ క్రింద వ్రేలితో గీత గీయుట ఆచారము: ఒకరిది ఒంటి గీత, ఒకరిది జంట గీత, ఒకరిది చుక్క. పిడకలు, ఊక, తాటిమట్టలు, గడ్డి అందఱును తెచ్చెడివారు. ఎవరు ఎన్ని గంపలు తెచ్చిరో మా నాయనమ్మ గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టెడిది. ఆవము దిగిన తరువాత పగిలిన కుండలను లెక్కించి, ఆ నష్టమును కుండల సంఖ్యను బట్టి నలుగురును పంచుకొనెడివారు.

మేము సంస్కృత పాఠశాలలో చేరి ధర్మశాస్త్రమును చదువుచున్నపుడు యాజ్ఞవల్క్య స్మృతి వ్యవహారాధ్యాయమున సంభూయ సముత్థాన ప్రకరణము వచ్చినది. పలువురు కూడి ఒక కార్యమును సాగించుటకు మన ప్రాచీనులు పెట్టిన పేరది. మనువు చెప్పిన పదునెనిమిది వివాదపదములలో ఇది యొకటి. కౌటిల్యుని యర్థశాస్త్రమునను దీనికి చోటున్నది. యాజ్ఞవల్క్యుడు చెప్పిన న్యాయము సంగ్రహముగా నిట్లున్నది: లాభనష్టములను పెట్టిన ద్రవ్యమును బట్టి గాని, ముందు చేసికొన్న కట్టుబాటును బట్టి గాని పంచుకొనవలెను; తోడివారు వలదన్న పని చేసి చెఱచినవాడు, ఏమరుపాటున చెఱచినవాడు ఆ నష్టమును తానే తీర్పవలెను; ఆపదనుండి సొత్తును కాపాడినవానికి పదియవ వంతు అధికముగా నీయవలెను; కపటవర్తనునికి లాభమీయక వెడలగొట్టవలెను; చేతగానివాడు మఱియొకనిచే తన పని చేయింపవచ్చును. తుదకు ఈ విధి ఋత్విక్కులకే కాక కర్షకులకును, చేతిపనివారికిని వర్తించునని ఆయన స్పష్టముగా చెప్పెను. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర యను వ్యాఖ్య రచింపగా, తిక్కన కాలమువాడైన కేతన దానిని తెనుగున పద్యములుగా వెలయించెను.

ఆ ప్రకరణము చదివిన నాటి సాయంకాలము మాకు మా నాయనమ్మ గోడ మీది బొగ్గు గీతలు జ్ఞాపకము వచ్చినవి. అక్షరము రాని ఆ వృద్ధురాలు యాజ్ఞవల్క్యుని న్యాయమును ఆచరణమున నడపినది. శాస్త్రము ముందో, ఆచారము ముందో పండితులు నిర్ణయింతురు గాక; మాకు మాత్రము రెండును ఒకే ఆవమున కాలినట్లు తోచినది.

ఇట్టి కూడిక మన వృత్తిలో క్రొత్తది కాదు. నాసిక గుహలలోని శాసనములను జూడుడు. సాతవాహనుల యనంతరము ఆ సీమ నేలిన ఆభీర రాజగు ఈశ్వరసేనుని తొమ్మిదవ పాలన వత్సరమున విష్ణుదత్త యను ఉపాసకురాలు, వ్యాధిగ్రస్తులైన భిక్షువుల మందులకై కొంత ధనమును శాశ్వత నిధిగా శ్రేణులయొద్ద నుంచెను. ఆ శ్రేణులలో కులరికుల శ్రేణి యొకటి; కులరికులనగా కుమ్మరులని పండితులు వ్యాఖ్యానించిరి. తైలికుల శ్రేణియు, నీటి యంత్రములు చేయువారి శ్రేణియు అందు పేర్కొనబడినవి. ఒక్కొక్క కుమ్మరిని నమ్మి శాశ్వతముగా ధనముంచువారెవరు? ఆ యమ్మ నమ్మినది వ్యక్తిని కాదు, శ్రేణిని. మనలను శాలివాహనులనుట, ఆ మహారాజు కుమ్మరి యింట పెరిగెనను కథ చెప్పుకొనుట మనకు ప్రీతికరము. అది కథ. నాసిక శాసనము ఱాతి మీది సాక్ష్యము. అందు మన పూర్వులకున్న ఘనత కిరీటము కాదు, పరపతి.

ఇక నేటి సంగతికి వత్తము. కుండ తగ్గినది, ఇటుక పెరిగినది. మన వారిలో సారెను విడిచి ఇటుకల బట్టీలు పెట్టినవారు నూజివీడు, ముసునూరు, ఆగిరిపల్లి చుట్టుపట్ల పెక్కురు. ఒక్కొక్కనిది ఒక్కొక్క బట్టీ. ఒక్కొక్కనిది ఒక్కొక్క లారీ బొగ్గు, ఒక్కొక్క బేరము. తాతల నాటి ఉమ్మడి ఆవము చెదరిపోయినది. ఇంతలో మఱియొక విచారము వచ్చిపడినది. అది పొగను గూర్చినది.

బొగ్గు కాలునపుడు దానిలోని కర్బనము ప్రాణవాయువుతో కలిసి బొగ్గుపులుసు గాలి యగును. మన చిన్ననాటి ప్రకృతిశాస్త్ర వాచకములలో కార్బన్ డయాక్సైడునకు ఈ పేరే యుండెడిది. 12 పాళ్ల కర్బనము 32 పాళ్ల ప్రాణవాయువును పట్టుకొని 44 పాళ్ల గాలి యగును. అనగా ఒక్క కిలో కర్బనము కాలినచో మూడున్నర కిలోలకు మించిన బొగ్గుపులుసు గాలి పైకి పోవును. అది భూమి వేడిని ఆకాశమునకు పోనీయక కంబళివలె కప్పుచున్నది. మామిడి పూతకు మార్గశిర పుష్యముల పొడి చలి కావలెనని మన తోటల రైతులందఱు నెఱుగుదురు. ఋతువు గతి తప్పిన యేట పూత యెట్లుండునో వారికి మేము చెప్పనక్కఱలేదు.

అది దూరపు కీడు. దగ్గఱి కీడు మఱియొకటి కలదు. ఉత్తర దేశమున ఇటుక బట్టీల చేరువనున్న మామిడి తోటలలో కాయ కొన నల్లబడి గట్టిపడు వ్యాధి యొకటి చిరకాలముగా తెలిసినదే. దానికి కారణము పురుగు కాదు, శిలీంధ్రము కాదు; బట్టీ పొగలోని గంధకపు వాయువు మొదలగునవి యని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. బట్టీ మండు కాలమును, పిందె కట్టు కాలమును ఒక్కటియే యగుట దీనికి మూలము. బంగినపల్లి, చిన్నరసము, పెద్దరసము, కలెక్టరు పండించు మన నూజివీటి సీమలో తోటవాడును బట్టీవాడును ఇరుగుపొరుగులు. ఒకని బ్రదుకు మఱియొకనికి పొగ కారాదు.

మా మేనల్లు డొకడు తోట గట్టునకు చేరువనే బట్టీ నడుపుచుండెను. కొన్ని యేండ్ల క్రిందట పొరుగు తోట ఆసామి వచ్చి, "ఏమండీ, మీ పొగకు నా పిందె రాలిపోవుచున్నది, మీ మామగారు బడిపంతులు గదా, ఆయననే న్యాయము చెప్పమనుడు" అనెను. మేము పోయి చూచితిమి. పిందె పొగకే రాలెనో, గాలికి రాలెనో చెప్పగల విద్య మాకు లేదు. కాని బట్టీ పొగ చిక్కగా నల్లగా పోవుచుండుట చూచితిమి. నల్లని పొగ యనగా పూర్తిగా కాలని బొగ్గు. అనగా మా మేనల్లుని డబ్బే గాలిలో పోవుచున్నదన్నమాట. ఆ మాట చెప్పితిమి. అతడు, "మామయ్యా, బట్టీ మార్చుటకు అప్పు కావలెను, నా యొక్కనికి ఎవరిత్తురు?" అనెను. ఈ ప్రశ్నయే ఈ వ్యాసమునకు మూలము.

ఆ ప్రశ్నకు సమాధానమును మేము పుస్తకములలోను, పొరుగు జిల్లాలలోను వెదకితిమి. దొరికినవానిలో మొదటిది ఇటుక చరిత్రలోనే కలదు. 1858లో ఫ్రెడరిక్ హాఫ్మన్ అను జర్మను ఇంజనీరు వలయాకారపు బట్టీకి హక్కుపత్రము పొందెను. అందు గదులు వరుసగా నుండును. ఒక గదిలో కాలి చల్లారు ఇటుకల వేడి మంట యొద్దకు పోవు గాలిని వెచ్చచేయును. మంట విడిచిన వేడి ముందున్న గదిలోని పచ్చి ఇటుకలను ఎండబెట్టును. ఒకరు విడిచినది మఱియొకరికి ఉపయోగించుటయే దాని రహస్యము. 1876లో బుల్ అను ఆంగ్లేయుడు దానినే మన దేశమునకు తగినట్లు కందకపు బట్టీగా మార్చెను. నేడు గాలి తిన్నగా పోక వంకరటింకరగా పోవునట్లు ఇటుక పేర్చు జిగ్‌జాగ్ పద్ధతి వచ్చినది. మామూలు కందకపు బట్టీ కంటె దానికి సుమారు అయిదవ వంతు బొగ్గు తక్కువ పట్టును, పొగయు తగ్గును. 2022 ఫిబ్రవరిలో కేంద్ర పర్యావరణ శాఖ వెలువరించిన ప్రకటనము బట్టీలు జిగ్‌జాగ్ పద్ధతికి గాని, నిలువు బట్టీకి గాని, గొట్టపు వాయువునకు గాని మారవలెనని శాసించినది; గాలి చెడిన నగరముల చేరువనున్న బట్టీలకు గడువు తక్కువ. మన ఏలూరును విజయవాడయు ఆ నగరముల పట్టికలోనివే.

రెండవది మన గోదావరి తీరమునదే. కేంద్ర ప్రభుత్వము 2001వ సంవత్సరపు ఇంధన పరిరక్షణ చట్టము ననుసరించి 2002లో ఇంధన సామర్థ్య సంస్థ నొకదానిని నెలకొల్పినది. అది పదునొకండవ పంచవర్ష ప్రణాళిక కాలమున చిన్న పరిశ్రమలను విడివిడిగా గాక, ఒక చోట ఒకే పని చేయువారిని ఒక గుంపుగా నెన్నుకొని పరిశీలించెను. మన తెలుగుదేశమున ఎన్నిక యైనవి భీమవరపు మంచు కర్మాగారములు, వరంగల్లు బియ్యపు మిల్లులు, ఉభయ గోదావరి జిల్లాల కొలిమి ఇటుకల కర్మాగారములు. కొలిమి ఇటుకయనగా ఉక్కు కరగించు కొలుముల లోపల వేయు నిప్పుకోర్చు ఇటుక. అదియు మట్టి పనియే, మన విద్యకు దాయాదియే. ఇంజనీర్లు వచ్చి మంట కొలిచి, వేడి యెక్కడ వృథా యగుచున్నదో లెక్క వ్రాసి, ఏ యే మార్పునకు ఎంత ఖర్చో, ఎన్ని నెలలకు తిరిగి వచ్చునో యొక్కొక్క గుంపునకు ఒక్కొక్క పుస్తకముగా కూర్చిరి. ఒక్క మిల్లు యజమాని ఇట్టి పరీక్ష చేయింపవలెనన్న వేలకు వేలు వ్యయము. గుంపునకు ఒక్క పరీక్ష పెక్కుమందికి పనికి వచ్చినది.

మూడవది అన్నిటికంటె ఆశ్చర్యకరము. అది విశాఖపట్టణమున పుట్టినది. ఎన్. భానుమతీదాస్, ఎన్. కాళిదాస్ అను దంపతులు ఇన్స్వారెబ్ అను పరిశోధన సంస్థ ద్వారమున ఫాల్‌జీ ఇటుకను వెలయించిరి. తాప విద్యుత్కేంద్రముల పొగగొట్టములలో పట్టిన బూడిద, సున్నము, జిప్సము అను మూడింటిని నీటితో కలిపి అచ్చున వేసినచో, నిప్పు లేకయే ఇటుక గట్టిపడును. బూడిదలోని సిలికా అల్యూమినాలు సున్నముతో కలిసి ఱాయి వంటి ద్రవ్యమగును. జిప్సము తొలి దినములలో బలము నిచ్చును. ఇది వినగానే మన పెద్దల డంగు సున్నము మాకు తోచినది. గానుగలో సున్నముతో కాల్చిన ఇటుకపొడి నూరి కోటలు, చెఱువుల తూములు కట్టినవారు ఈ ధర్మమునే వాడుకొనిరి. ఆ ఇటుకపొడి మన ఆవములు పంపినదే. మనకు ఇరువది క్రోసుల లోపలనే ఇబ్రహీంపట్టణమున 1979లో మొదటి యంత్రము నడచిన నార్ల తాతారావు తాప విద్యుత్కేంద్రము కలదు. బూడిదకు కొఱవ లేదు.

ఆశ్చర్యము ఇటుకలో మాత్రమే కాదు, కూడికలో నున్నది. కాల్చని ఇటుక వలన మిగిలిన బొగ్గునకు, అనగా వెలువడని బొగ్గుపులుసు గాలికి, అప్పటి అంతర్జాతీయ ఒడంబడిక ననుసరించి ధర పలికెడిది. అయితే ఒక చిన్న కార్ఖానా తన పాలు తగ్గింపును నమోదు చేయించి, పరీక్ష చేయించి అమ్మవలెనన్న, వచ్చు సొమ్ముకంటె ఖర్చే యెక్కువ. కనుక విశాఖపట్టణపు ఎకో కార్బన్ అను సంస్థ పెక్కు చిన్న కార్ఖానాలను ఒక్క మూటగా కట్టినది. 2006లో ప్రపంచ బ్యాంకు వారి సమాజాభివృద్ధి కార్బన్ నిధి సుమారు 8 లక్షల టన్నుల తగ్గింపును కొనుటకు ఒడంబడిక చేసికొన్నది. ఆ నిధి నియమము ప్రకారము పనివారి కుటుంబములకును కొంత మేలు జరుగవలెను. ప్రతి కార్ఖానాయు ఎన్ని ఇటుకలు పోసెనో దినదినము వ్రాయవలెను. బయటివారు వచ్చి ఆ పుస్తకములు పరీక్షింపవలెను. ఒకని పుస్తకమున కల్ల యున్నచో మూటకంతకును మచ్చ. కపటవర్తనుని వెడలగొట్టుడని యాజ్ఞవల్క్యుడు చెప్పినది ఇందులకే గదా!

ఇందు దాపఱికమేల? 2012 తరువాత అట్టి తగ్గింపు పత్రముల ధర అంతర్జాతీయ విపణిలో పడిపోయినది. కావున గాలి అమ్మి ధనవంతుల మగుదమను ఆశ మనకు వలదు. బూడిద ఇటుకలోను సున్నము కాల్చుట వలన కొంత బొగ్గుపులుసు గాలి పుట్టుట నిజమే. అయినను మిగిలిన బొగ్గు మిగిలినదే; తగ్గిన పొగ తగ్గినదే. పత్రమునకు ధర లేకున్నను బొగ్గు లారీకి ధర యున్నది గదా.

మఱి కాల్చని ఇటుక వచ్చినచో ఆవము నమ్ముకొన్న మన గతి యేమని కొందఱు సోదరులు మమ్ముల నడిగిరి. ఆ భయము కేవలము మిథ్య యనము. నియమములు దినదినము బిగియుచున్నవి. గ్రుడ్డిగా పాత బట్టీనే పట్టుకొని యుండువాడు ముందుగా నష్టపోవును. అందులో చిన్నవాడు ముందు, పెద్దవాడు తరువాత. మన వారిలో చిన్నవారే యెక్కువ. అయితే మట్టి తడి యెంతయుండవలెనో, అచ్చు ఎప్పుడు విడువవలెనో, ఇటుక ఎట్లు పేర్చిన గాలి ఎట్లు పోవునో చేతికి తెలిసినవారు మనకంటె ఎవరు? విద్య పోలేదు, విద్యను విడివిడిగా అమ్ముకొనుట చేత విలువ పోవుచున్నది.

మూడేండ్ల క్రిందట మన ప్రాంతపు బట్టీదారులు ఎనమండుగురు మా యింటి అరుగు మీద కూర్చుండిరి. ఊకయు బొగ్గును ఉమ్మడిగా కొందమని, ఒక ఇంజనీరును ఉమ్మడిగా పిలుతమని మాట జరిగినది. అందఱును సరి యనిరి. వేయి ఇటుకలకు ఎవరికెంత బొగ్గు పట్టుచున్నదో వ్రాసి తెండని మేము కోరగా, మరుసటి వారము వచ్చినవారు ముగ్గురు. ఆ ముగ్గురును తెచ్చిన లెక్కలలో ఒక్కటియు సరి కాదని వారికే తెలియును. పన్నువాడు చూచునని యొకడు, బావమఱిది చూచునని యొకడు, తక్కువ ధరకు అమ్ముచున్నానని తెలియునని యొకడు నిజము దాచిరి. ఆ సభ అంతటితో ముగిసినది. మా మేనల్లుడు ఆ యేడు బట్టీ మూసి నగరమునకు పోయెను. అప్పు దొరకకపోవుటకు బ్యాంకువారిని నిందింప వలను పడదు. లెక్క లేనివానిని, జత లేనివానిని ఎవరు నమ్ముదురు? విష్ణుదత్త నమ్మెడిదా?

ఇప్పుడు సమయము తిరిగి వచ్చినది. 2025 జూలైలో కేంద్ర ప్రభుత్వము చిన్న పరిశ్రమలు ఇంధనము నాదా చేయు యంత్రములు పెట్టుకొనుటకై 1000 కోట్ల రూపాయలతో నొక పథకము నారంభించినది. తీసికొన్న ఋణమునకు సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు వడ్డీలో 5 శాతము, మధ్యమ పరిశ్రమలకు 3 శాతము ప్రభుత్వము భరించును. పరీక్షకును ప్రణాళికకును సాయము కలదు. ఏర్పరచిన 14 రంగములలో ఇటుకల పరిశ్రమ కూడ నున్నది. ఇక కూడికకు చట్టమును కలదు: 1995వ సంవత్సరపు పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము ననుసరించి, ప్రభుత్వపు పెట్టుబడి లేకయే సభ్యులే సంఘమును నడుపుకొనవచ్చును.

కావున ఈ మహాసభకు మా విన్నపములు నాలుగు. మొదటిది, ముసునూరు నూజివీడు ప్రాంతపు మన బట్టీదారులును బూడిద ఇటుకలవారును ఒక్క సంఘముగా చేరవలెను. కులమున కావలి వారు వచ్చినను త్రోయరాదు, పొగకు కులము లేదు. రెండవది, వేయి ఇటుకలకు ఎన్ని కిలోల బొగ్గు, ఎంత ఊక యను లెక్క ప్రతి వారును ఒక్క పుస్తకమున వ్రాయవలెను. ఆ పుస్తకము సంఘమున ఎల్లరకు తెఱచి యుండవలెను. మూడవది, ఆ లెక్కతో ఉమ్మడిగా ఇంజనీరును పిలిచి, ఉమ్మడిగా ఋణమునకు పోవలెను. మొదట ఒక్క బట్టీని మార్చి, అది నిలిచిన పిదప తక్కినవానిని మార్చవలెను. నాలుగవది, పూత పిందెల కాలమున ఏ బట్టీ ఎప్పుడు మండవలెనో తోటల ఆసాములతో కూర్చుండి నిర్ణయించుకొనవలెను.

ఈ నాలుగింటిలో రెండవదియే కష్టము. తక్కిన మూడును దానివెంట వచ్చును. ధనమున్నవారు, ఉదారులైన మన పోషకులు, ఆ పుస్తకము వ్రాయు గుమాస్తా యొకని తొలి యేటి జీతమును భరించినచో, గోపురమునకు బంగారు కలశ మెత్తించినంత పుణ్యమని మా నమ్మకము.

మా నాయనమ్మ పోయి నలువది యేండ్లు దాటినది. ఆ గోడయు పడిపోయినది. ఆమె బొగ్గుతో గీసిన గీతలలో ఒక్కటియు అబద్ధము లేదని మాత్రము మా ఊర ముసలివారు నేటికిని చెప్పుదురు. నాలుగిండ్ల కుండలు ఒక్క మంటలో కాలుటకు ఆ గీతలే చాలినవి. ఆ నిజమును మనము తిరిగి గోడకెక్కించినచో, పొగ దానంతటదే తగ్గును. నగరమునకు పోయిన మేనల్లుండ్రును తిరిగి రావచ్చును. సభాసదులెల్లరు ఈ మాటను పెద్దమనస్సుతో నాలకించి, ఈ సభ ముగియు లోపలనే కనీసము పదుగురు పేర్లు వ్రాయింతురని యాశించి విరమించుచున్నాము.